వయసును బట్టి విటమిన్ల లోపం – కారణాలు



దూడకు ఏమి తాపవలెనో, చూడి గేదెకు ఎంత దాణా పెంచవలెనో మన సభ్యులకు ఒకరు చెప్పనవసరం లేదు. ఇంటిలోని మనుషులకు మాత్రం పసివారి నుండి ముసలివారి వరకు అందరికీ ఒకే అన్నం, ఒకే చారు. విటమిన్ల లోపానికి ముఖ్య కారణం ఇదే.

కొంతకాలం క్రిందట మేము ఒక సంఘం తనిఖీకి వెళ్ళాము. రోజుకు ఎనిమిది లీటర్లు పోసే సభ్యుని ఇంటిలో నాలుగేళ్ళ పాప, పొద్దు గూకగానే గడప తడుముకొంటూ నడుస్తున్నది. అది రేచీకటి. పాపకు పాలిస్తున్నారా అని అడిగితే, "బిల్లు తగ్గుతుందండీ" అన్నది తల్లి. ఎక్కువ పాలు పోయండని ప్రతి సమావేశంలో చెప్పేది మేమే. ఆనాడు మాకు సిగ్గు వేసింది. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపగా, విటమిన్ 'ఎ' మోతాదుతో పాప చూపు బాగుపడినది.

ఏ వయసులో లోపం ఎందుకు వచ్చునో తెలుసుకొందాము.

పసికందులు: తల్లి ముర్రుపాలలో విటమిన్ 'ఎ' పుష్కలం. దూడకు తప్పక తాపే మనం, బిడ్డకు రాకుండా పిండి పారబోయడం తగదు.

అయిదేళ్ళ లోపు పిల్లలు: ఆరు నెలలు దాటాక తల్లిపాలు ఒక్కటే చాలవు. తట్టు, విరేచనాల వలన విటమిన్ 'ఎ' నిల్వలు తరిగిపోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మొదలైన కార్యక్రమం క్రింద, తొమ్మిదో నెలలో ఒకసారి, తరువాత అయిదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకొకసారి విటమిన్ 'ఎ' ద్రవం తాపుతారు. తప్పక తాపించండి.

బడి పిల్లలు: పాలు, పప్పు, ఆకుకూరలు చాలకపోతే 'బి2' లోపించి నోటి మూలలు పగులును.

గర్భిణులు: కడుపులోని బిడ్డ కోసం ఫోలిక్ ఆమ్లం అవసరం పెరుగును. అందరూ తిన్నాక మిగిలినది తినడం, ఆకుకూరలు పడవని మాన్పించడం వలన లోపం వచ్చును.

వృద్ధులు: కడుపులో ఆమ్లం తగ్గి 'బి12' సరిగా ఒంటబట్టదు. ఇంటిపట్టునే ఉండి ఎండ తగలక 'డి' తగ్గును. కాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు వయసు వలననే అనుకోక వైద్యునికి చూపించవలెను.

పాలలో 'ఎ', 'బి2', 'బి12' ఉన్నవి. 'సి' మాత్రం బహు స్వల్పం. కనుక పాలతో పాటు మునగాకు, తోటకూర, బొప్పాయి, ఉసిరి కూడా ఇంటిలో వాడవలెను. ఇవి పెరటిలో పెరిగేవే.

కార్యదర్శులు వచ్చే సర్వసభ్య సమావేశంలో దీనిని చదివి వినిపించవలెనని మా మనవి. సభ్యులారా! కేంద్రంలో పాలు కొలిచే ముందు, ఇంటిలో పిల్లలకు, గర్భిణులకు, పెద్దలకు తలా ఒక గ్లాసు కొలవండి. బిల్లులో తగ్గిన ఆ నాలుగు రూపాయలు నష్టం క్రింద రాసుకోవద్దు.