గుండె ఆపరేషన్ తర్వాత పిల్లల కిడ్నీలు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, 14 కిలోలు. గుండెలో రంధ్రం ఉంది. వచ్చే నెల నిమ్స్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్. దాంతో కిడ్నీలు పాడవుతాయని అంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: కొందరు పిల్లల్లో కిడ్నీలు దెబ్బతినే మాట నిజమే. చాలామందిలో కొద్దిరోజులకే కోలుకుంటాయి. ఆ భయంతో ఆపరేషన్ మాత్రం వాయిదా వేయకండి. రంధ్రం మూసేంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని యంత్రం చేస్తుంది. అప్పుడు కిడ్నీలకు రక్తప్రసారం తగ్గొచ్చు. యంత్రంలో నలిగిన ఎర్ర కణాల నుంచి బయటపడే హిమోగ్లోబిన్ కూడా హాని చేస్తుంది. కిడ్నీలు దెబ్బతినడాన్ని కచ్చితంగా ఆపే మందంటూ ఇంకా లేదు. బీపీ పడిపోకుండా చూడటం, కిడ్నీలకు పడని మందులు తగ్గించడం, గంటగంటకూ మూత్రం కొలవడం... ఐసీయూలో నివారణ అంటే ఇదే. కిడ్నీ దెబ్బను రక్తపరీక్షలో చూపే క్రియాటినిన్ పెరగడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, మూత్రం అంతకంటే ముందే తగ్గొచ్చు. మీ బాబు బరువుకు గంటకు 7 మి.లీ. కన్నా తక్కువగా ఆరు గంటలు వస్తే డాక్టర్లు అప్రమత్తమవుతారు.

మీవంతుగా, ఈమధ్య వేయించిన ఇంజెక్షన్లు, రంగుమందు ఎక్కించి తీసిన సీటీ స్కాన్ ఉంటే తేదీలతో సహా చెప్పండి. జ్వరం, విరేచనాలు వస్తే ఆపరేషన్ తేదీ పోతుందని దాచకండి. ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మాన్పించకండి, ఎప్పటిదాకా ఇవ్వొచ్చో మత్తు డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: ఎనిమిది నెలల పాపకు ఆపరేషన్ తర్వాత పొట్టలో గొట్టం వేసి డయాలసిస్ చేశారు. ఇక జీవితాంతం చేయించాలా?
– ఒక తల్లి, కోదాడ

జవాబు: అక్కర్లేదమ్మా. మూత్రం మళ్లీ బాగా వస్తోందని గొట్టం తీసేశారంటే కిడ్నీలు పని అందుకున్నట్టే. మూడు నెలలకు క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ చూపించండి. ఆ తర్వాత ఏడాదికోసారి. పాప హుషారుగా ఉందని మానేయొద్దు.

ప్రశ్న: గుండె ఆపరేషన్ అయ్యాక మా పాప లాసిక్స్, ఎనలాప్రిల్ వాడుతోంది. జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇస్తానంటున్నాడు. వేయించొచ్చా?
– మిర్యాలగూడ పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. నాకు ఎక్కువ భయం ఇక్కడే. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు కిడ్నీలను దెబ్బతీయగలవు. పాప వాడుతున్న రెండు మందులకు ఇవి తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ బరువును బట్టి. జ్వరం తగ్గకపోతే గుండె డాక్టర్‌కు చూపించాల్సిందే, ఆపరేషనైన పిల్లల్లో అది గుండెకు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు.

మీ వైపు ఎండలు తెలిసినవే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మూత్రం ఎక్కువగా పోయించే లాసిక్స్ పడుతున్న ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఆ రోజే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ మందులు ఆపాలా, ఓఆర్‌ఎస్ ఎంత పట్టాలో అడగండి. సొంతంగా ఆపడమూ, నీళ్లు అతిగా పట్టడమూ రెండూ గుండెకు మంచివి కావు. ఆరేడు గంటలు మూత్రం పోయకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డిశ్చార్జి కాగితం ఎప్పుడూ వెంట ఉంచుకోండి, ఎవరు మందు రాసినా ముందు దాన్ని చూపించండి.