తాడు వెంట వచ్చే నీళ్లు

ఆసిఫాబాద్

శ్రావణి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

నీ కబురు అందింది. వానలు పడ్డాక దోస్తులతో లింగాపూర్ దిక్కు వచ్చి, మిట్టె జలపాతం చూసి, ఆ రాత్రికి చెట్ల నడుమ తొట్టెల కట్టుకుని పడుకుంటామని రాశావు. అది చదవగానే మీ పెద్దమ్మకు పులి గుర్తొచ్చింది. మీ బాపుకు నీ సెలవులు గుర్తొచ్చాయి. పెద్దబాపు కన్ను మాత్రం నువ్వు పంపిన ఫొటోలో తొట్టెల మీద కట్టిన పరదా దగ్గరే ఆగిపోయింది. అది చిన్నది బిడ్డా.

పులి మాట ముందే ముగించేస్తాడు మీ పెద్దబాపు. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడలో ఒక యువకుడు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి చేలో ఒక యువతి పులి నోట పడి చనిపోయారు. మహారాష్ట్ర తడోబా నుంచి కవ్వాల్‌కు పులులు నడిచే దారి మన జిల్లా మీదుగానే పోతుంది. అటవీశాఖ వాళ్ల అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండొద్దు. వాళ్లు చూపించిన చోట, ఊరికి ఆనుకునే కట్టుకోండి. వాగు ఒడ్డున వద్దు. ఉరుములు మొదలైతే తొట్టెల వదిలేసి పక్కా ఇంట్లోకో కారులోకో పోండి. ఇక పరదా సంగతికి వద్దాం.

మూడొందల గ్రాములే అని మురిసిపోయావు. బరువు తగ్గితే వీపుకు సుఖమే, ఆ మాట పెద్దబాపు కాదనడు. ఇప్పుడు అమ్మే తొట్టెలల్లో 11 అడుగుల పొడవువి చాలానే ఉంటాయి. అలాంటిది వేలాడదీస్తే రెండు కొనల నడుమ దూరం తొమ్మిది అడుగులకు కాస్త అటూ ఇటూ అవుతుంది. చూరు గోడ దాటి ముందుకొస్తేనే ఇల్లు తడవదు గదా, పరదా కూడా కొనకొక అడుగు చొప్పున బయటికి రావాలి. అంటే నడిమి వెన్ను 11 అడుగులు ఉండాలి. నీది ఎనిమిది అడుగుల చదరమని రాశావు. దాన్ని అంచుకు సమంగా కడితే తలా కాళ్లూ రెండూ తడుస్తాయి. మూల నుంచి మూలకు తాడు తీసి కట్టు. ఎనిమిది అడుగుల చదరానికి ఆ ఏటవాలు కొలత 11 అడుగుల మీద మూడు నాలుగు అంగుళాలు వస్తుంది. గుడ్డ అదే, కట్టే తీరు మారిందంతే. హెన్నెసీ అనే కంపెనీ తన తొట్టెలల్లో చాలావాటికి మూలలు సాగిన చిన్న పరదాలే ఇస్తూ వచ్చింది.

అయితే అట్లా కట్టినప్పుడు కొనల దగ్గర పరదా సన్నబడుతుంది. జూలై ముసురుకు గాలి ఎక్కువగా పడమర నుంచో నైరుతి నుంచో కొడుతుంది. అందుకని తొట్టెల కొనలు గాలికి ఎదురుగా పెట్టొద్దు. పరదా వాలు గాలి దిక్కుకు ఉండాలి, ఆ పక్క అంచు బాగా కిందికి దించి గూటం కొట్టాలి. వెన్ను తాడు కూడా తొట్టెలకు వీలైనంత దగ్గరగా దించు. లోపల కూర్చుంటే తల తగలకపోతే చాలు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు భయం తాడు వెంట వచ్చే నీళ్లు.

మీ పెద్దబాపు పెళ్లికి ముందు తునికాకు కల్లం దగ్గర లెక్కలు రాసేవాడు. యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక బస్తా. ఏప్రిల్, మే నెలల పని అది. వైశాఖం ఎండలో కట్టలు పరిచి ఆరబెడితే, సాయంత్రానికి మబ్బు పట్టి గాలివాన దిగేది. ఉన్న పరదాలన్నీ ఆకుకే. ఆకు తడిస్తే మచ్చపడుతుంది, మనిషి తడిస్తే ఆరిపోతాడు, అదీ ఆ ఠేకేదారు లెక్క! కావలి ఉన్నవాళ్లు పాత దుప్పటిని రెండు ఇప్పచెట్లకు తొట్టెలలా కట్టి, పైన సంచి గుడ్డ కప్పుకుని పడుకునేవాళ్లు. పైనుంచి చుక్క పడకున్నా అర్ధరాత్రికి నడుము తడిసేది. చెట్టు బోదె మీద జారిన నీళ్లు తాడు పట్టుకుని, పల్లం వెతుక్కుంటూ సరాసరి దుప్పట్లోకి దిగేవి. అక్కడ పనిచేసే ఒక కొలాం తెగ పెద్దాయన అది చూసి నవ్వలేదు, మాట్లాడలేదు. తన తువ్వాల అంచు పేలిక చింపి తాడుకు ముడేశాడు. నీళ్లు ఆ పేలిక దాకా వచ్చి, దాని కొస నుంచి నేల మీద పడ్డాయి. ఆ సీజనంతా ఎవరి తొట్టెల చూసినా ఒక పేలిక వేలాడుతూ ఉండేది.

నువ్వూ అదే చెయ్యి. తొట్టెల కొనకు కాస్త బయట, చెట్టుకు కట్టే పట్టీ మీద, పరదా నీడలోనే జానెడు సుతిలి ముక్క కట్టి కిందికి వదులు. రెండు దిక్కులా కట్టు. నూలు పేలికైనా సరే. ఇనుప కొక్కెం ఉంటే నీళ్లు దాని అడుగు నుంచే చాలావరకు రాలిపోతాయి. అయినా సుతిలి మరువొద్దు. పరదా వెన్ను తాడు లోపలి నుంచి పోతుంటే దానికీ ఇదే మందు. దోస్తుల తొట్టెలలకు కూడా నువ్వే కట్టు, వాళ్లకు చెప్పేవాళ్లు ఎవరున్నారు పాపం.

సరిగ్గా తింటున్నావా? ఫొటోలో చెంపలు లోపలికి పోయి కనిపించాయి. పెద్దమ్మ సకినాలు చేసి పెడతానంటోంది, కాలం కాకపోయినా.

పట్టీలు మరీ బిగించి కట్టొద్దు. నువ్వు 55 కిలోలున్నావనుకో. పట్టీ 30 డిగ్రీలు వాలితే ఒక్కో చెట్టు వైపు లాగుడు 55 కిలోలే. 15 డిగ్రీలకు బిగిస్తే 106 కిలోల దాకా పోతుంది. పైగా బిగించిన కొద్దీ కొనలు దూరం జరిగి పరదా బయటికొస్తాయి. కుర్చీ ఎత్తులో వేలాడితే చాలు. మరీ కిందికి దిగితే నేల మీద పడ్డ చినుకు చిట్లి అడుగు తడుపుతుంది. బోడి నేల కంటే రాలిన ఆకులున్న చోట ఆ చిందు తక్కువ.

నైలాన్ పరదా తడిస్తే సాగుతుంది. సాయంత్రం తప్పెటలా ఉన్నది పడుకునేముందే వదులైపోతుంది. మళ్లీ ఒకసారి లాగి కట్టుకో, లేదా మూల తాళ్లకు సాగే రబ్బరు తాడు జోడించుకో. పాలిస్టర్‌ది అంత సాగదు. వచ్చాక అన్నిటికంటే ముందు పరదా కట్టాలి, పోయేటప్పుడు అన్నిటికంటే చివర విప్పాలి. వాన ఆగిందని తొందరపడొద్దు. టేకు ఆకుల మీద నిలిచిన నీళ్లు చాలాసేపు పెద్ద పెద్ద చుక్కలుగా రాలుతూనే ఉంటాయి. పైన ఎండుకొమ్మ ఉన్న చెట్టుకు మాత్రం అసలు కట్టొద్దు.

చిన్నప్పుడు నువ్వు దూలానికి కట్టిన చీర తొట్టెలలో తప్ప నిద్రపోయేదానివి కాదు. ఊపీ ఊపీ మీ పెద్దబాపు చెయ్యి పీకేది. అది నీకు యాదికి ఉండదులే.

ఒక పని చెయ్యి. తిన్నగా లింగాపూర్ పోకుండా ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగి ముందు ఇంటికి రా. స్కూటర్ మీద తీసుకురావడానికి పెద్దబాపు వస్తాడు. పెరట్లో వేపకూ మామిడికీ నీ తొట్టెల కడదాం. నువ్వు లోపల పడుకో. బిందెలతో పైనుంచి నీళ్లు పోయడానికి మీ పెద్దమ్మ ఒప్పుకుంది. సుతిలి ఇంట్లోనే ఉంది, కొనకు.

ఇట్లు
మీ పెద్దబాపు