రేవున చిట్టా చదువు కొలువులు

చెన్నపట్టణపు సౌకార్‌పేటలో మింటు వీథి, గోవిందప్పనాయకుని వీథి అంగళ్లయందు తండ్రి ప్రక్కన కూర్చుండి, చిట్టాకును ఆవర్జాకును పొత్తు కుదురువఱకు దీపమార్పనీయని తెలుగిండ్లలో పెరిగిన పిల్లలు, చదువు ముగియగానే కొలువుకై దూరదేశములవైపు చూచుచుందురేగాని, రెండు మూడు మైళ్ల దూరముననున్న కాశిమేడు రేవునందు తమ ఇంటివిద్యకే పని కలదని తలంపరు.

ఆ పని దొంగవేటను పట్టు తనిఖీ. దొంగచాటుగా చేపలు పట్టువారికై సముద్రమంతయు కావలి కాయుట ఎవరికిని అలవిగాదు. అయినను ఎంత నేర్పరియైన దొంగవేటకాడును ఐసుకో, డీజిలుకో, సరకమ్ముటకో ఏదియో యొక రేవు చేరక తప్పదు. ఈ సూక్ష్మమునే ఆధారముగాగొని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2009 నవంబరులో ఆమోదించిన ఒడంబడిక 2016 జూన్ 5వ తేదీన అమలునకు వచ్చినది. అందు చేరిన దేశపు రేవునకు రాదలచిన విదేశీ వేటనౌక తన జెండా, అనుమతిపత్రము, గర్భముననున్న చేపల జాతి, తూకము ముందుగా తెలుపవలెను; దొంగవేట రుజువైనచో దానికి ప్రవేశముండదు, లేదా తనిఖీకి మాత్రమే రానిత్తురు. మన జలములలో విదేశీ నౌకలకు 1981 నాటి కేంద్ర చట్టము, ఇచటి మరబోట్లకు 1983 నాటి తమిళనాడు చట్టము కలవు. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరబోట్ల వేటకు సెలవు.

తనిఖీదారు పని లెక్కసరిచూపే. లాగ్‌బుక్కులో రెండు దినముల వేటయని వ్రాసియున్నను, ఐసుగదిలోని చేప మొప్ప వన్నె తగ్గి, కన్ను లోనికిపోయి తన వయస్సు తానే చెప్పును. వల చివరిసంచి కన్ను కొలబద్దకు దొరకును. సరంగు మాటకన్న ఈ సాక్ష్యములే ఘనమైనవి.

పదవ తరగతి చదివినవారికి రాయపురమునందును విశాఖపట్టణమునందును గల కేంద్ర మత్స్య నౌకాశిక్షణ సంస్థ (సిఫ్నెట్) శాఖలలో నౌకాచాలన, మెరైన్ ఫిట్టరు శిక్షణలు కలవు. సైన్సుతో ఇంటరు ముగించినవారు పొన్నేరి, ముత్తుకూరు కళాశాలలలో మత్స్యశాస్త్ర పట్టము పొంది రాష్ట్ర మత్స్యశాఖ పరీక్షలు వ్రాయవచ్చును. ఇంటరులో గణిత, భౌతికశాస్త్రములు చదివినవారు తీరరక్షకదళమున నావికులుగా చేరుటకు యత్నింపవచ్చును. వాణిజ్యశాస్త్రము చదివినవారు నిరాశపడనక్కఱలేదు: ఐరోపా సమాఖ్య 2010 నుండి పట్టుబడి ధ్రువపత్రము లేని సముద్రపు చేపలను స్వీకరింపనందున, కేంద్ర సముద్రోత్పత్తుల ఎగుమతి సంస్థయగు ఎంపెడా ధ్రువీకరించు ఆ కాగితములను తప్పులేక సిద్ధపరచువారు ఎగుమతి కంపెనీలకు కావలెను. తమిళనాట సర్కారు కొలువు కోరువారికి తమిళము చదువను వ్రాయను రావలెనని మరువరాదు.

దరఖాస్తునకు ముందు ఒక తెల్లవారుజామున కాశిమేడు ఏలమునకు పొండు. మన చందువ అచట వవ్వాలు, గ్రంథములలో పాంపస్. ఇట్లు దినమునకు అయిదు చేపల పేర్లు మూడు వరుసలలో వ్రాసికొన్నచో, ఏడాది తిరుగునప్పటికి ఏ సరంగునకును తలవంచనక్కఱలేని చిట్టా మీ చేతనుండును.