నలభైలో ప్లంబింగ్: ఫీజుకు కాదు, ఇల్లు గడవడానికి డబ్బు చూసుకోండి

ప్లంబింగ్ నేర్పిస్తామని ఎవరైనా వేలకు వేలు ఫీజు అడిగితే ఇవ్వకండి. ఈ పని ఉచితంగా నేర్చుకునే దారులు మనకు ఉన్నాయి. ఒక దారిలో అయితే భోజనం, వసతి కూడా వాళ్లే చూస్తారు. నడివయసులో పని మారేవాళ్లకు అసలు బరువు ఫీజు కాదు. శిక్షణలో ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత మేస్త్రి వెంట హెల్పరుగా తిరిగినన్నాళ్లూ ఇల్లు గడవాలి. డబ్బు గురించి కూర్చుని ఆలోచించాల్సింది అక్కడే.

ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట వైపు ఈ ఆలోచనలో పడేవాళ్లు ఎవరో చెప్పుకోవడం కష్టం కాదు. ఇరవై ఏళ్లు కొబ్బరి దింపు తీసి, ఇక చెట్టు ఎక్కడానికి మోకాళ్లు సహకరించనివాళ్లు. కువైట్ నుంచో మస్కట్ నుంచో తిరిగొచ్చి మళ్లీ విమానం ఎక్కడం ఇష్టం లేనివాళ్లు. ఆటో కిస్తీలకే సంపాదన అంతా పోతున్నవాళ్లు. పూతరేకుల షాపుల్లో పండగల ముందు ఊపిరాడని పని, తర్వాత ఖాళీ చేతులు చూసి విసిగినవాళ్లు. వీళ్లందరికీ ఈ చుట్టుపక్కలే పని ఉంది. ఇప్పుడు కడుతున్న ఇంటికి బోరు, మోటారు, పైన ట్యాంకు, గదికో బాత్రూమ్ మామూలైపోయాయి. గల్ఫ్ సొమ్ముతో లేచిన ఇళ్లలో గీజరు, డైవర్టరు, గోడకు బిగించే కమోడ్ కూడా ఉంటున్నాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో కుళాయి లైన్లు వేశారు, ఆ లైన్లకు మరమ్మతు చేసే చేతులు ఊళ్లోనే కావాలి. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే ఉప్పునీరు ఇనుప పైపులను తినేస్తుంది, పాత ఇళ్లలో లైన్లు మార్చే పని అక్కడ ఎప్పుడూ ఉంటుంది.

ముందుగా నేను చెప్పే దారి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. ఆర్‌సెటి అంటే బ్యాంకుల్లో అందరికీ తెలుసు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన పద్ధతి చూసి, ఆ తర్వాత దేశమంతటా జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత పెట్టించారు. మనకు దగ్గరలో ఉన్నది రాజమహేంద్రవరంలో. ఆంధ్రా బ్యాంకు నడిపేది, 2020 విలీనం తర్వాత యూనియన్ బ్యాంకు చూస్తోంది. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటితే చేరిపోయే దూరం. ప్లంబింగ్, శానిటరీ పనుల శిక్షణ సుమారు నెల రోజులు ఉంటుంది. ఫీజు లేదు, తిండికీ బసకూ ఖర్చు లేదు. శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు మిమ్మల్ని కనిపెట్టి ఉండి, బ్యాంకు రుణం ఇప్పించేదాకా సాయం చేయడం వాళ్ల బాధ్యత. 45 ఏళ్ల లోపు వాళ్లు నిరభ్యంతరంగా అడగవచ్చు. అది దాటినవాళ్లు కూడా ఒకసారి వెళ్లి అడగండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక్కో బ్యాచ్‌కి పాతికా ముప్పై మంది జమ కావాలి. ప్లంబింగ్‌కు అంతమంది రాకపోతే ఆ నెల కుట్టుపనో సెల్‌ఫోన్ రిపేరో నడిపేస్తారు. అందుకని ఒంటరిగా ఫోన్ చేసి, లేదన్నారని ఊరుకోకండి. మీ ఊళ్లో, పక్క ఊళ్లలో అయిదారుగురిని కలుపుకుని మండల వెలుగు ఆఫీసులో పేర్లు ఇవ్వండి. ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే వాళ్ల చేతే అడిగించండి. మిగతా మండలాల పేర్లతో కలిపి బ్యాచ్ వేయడం అక్కడి నుంచి తేలిక. ఆడవాళ్లు కూడా ఈ పనిలోకి రావచ్చు. మగవాళ్లు పరదేశంలో ఉన్న ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో, ఆ ఇంట్లో కుళాయి బాగుచేయడానికి ఒక స్త్రీ వస్తే ఇంటావిడకు ఎంత నిశ్చింతో చెప్పనక్కర్లేదు.

ఇప్పటికే పని వచ్చినవాళ్ల సంగతి వేరు. గల్ఫ్‌లో అయిదారేళ్లు ప్లంబరు దగ్గర చేసి చేతిలో కాగితం మాత్రం లేనివాళ్లు నెల రోజులు కూర్చుని మళ్లీ మొదటి నుంచీ నేర్చుకోనక్కర్లేదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. 18 నుంచి 59 ఏళ్ల దాకా అర్హత. అదే పథకంలో కొత్తవాళ్లకు ఇచ్చే శిక్షణకు మాత్రం 15 నుంచి 45 అని హద్దు ఉంది. ఐటీఐలో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసై ఉంటే చాలు, గరిష్ఠ వయసు లేదు. కానీ ఇంటి భారం మోసే మనిషి ఏడాది పాటు పగలంతా క్లాసులో కూర్చోవడం నాకు సాధ్యంగా కనిపించదు. ఇంట్లో మరొకరి సంపాదన ఉంటేనే ఆ దారి పట్టండి.

పీఎం విశ్వకర్మలో పెడదాం, పదిహేను వేల టూల్‌కిట్ వస్తుంది అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగి ఉన్నారు, తాపీ మేస్త్రి ఉన్నారు, పడవలు చేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు కూడా ఉన్నారు. ప్లంబరు లేరు. చేయని వృత్తి పేరుతో దరఖాస్తు పెట్టిస్తే రేపు తనిఖీలో చిక్కుల్లో పడేది మీరే.

నెల రోజుల శిక్షణతో ప్లంబరు తయారవడని ఈ పనిలో ఉన్న ప్రతి మేస్త్రీ అంటాడు. అది నిజమే. ఒడిశా ఉదాహరణే చూడండి. అక్కడి కేంద్రపడా జిల్లా మనలాగే డెల్టా నేల, వరదల నేల. అక్కడి పట్టాముండై చుట్టుపక్కల నుంచి ప్లంబర్లు దేశమంతటా వెళ్లారు, గల్ఫ్‌కీ వెళ్లారు. బ్రిటిష్ కాలంలో కలకత్తా వెళ్లి పని నేర్చుకున్నవాళ్లు తమ్ముళ్లను, మేనల్లుళ్లను హెల్పర్లుగా వెంట తీసుకెళ్లడంతో అది మొదలైంది. తర్వాత ప్రభుత్వం అక్కడే ప్లంబింగ్ శిక్షణ సంస్థ కూడా పెట్టింది. మేస్త్రి వెంట తిరగడం లేకుండా ఈ విద్య ఎక్కడా నిలబడలేదు. శిక్షణలో చేరకముందే మీకు తెలిసిన మేస్త్రితో మాట్లాడుకోండి: తిరిగొచ్చాక వెంట పెట్టుకుంటారా, రోజుకు ఎంత ఇస్తారు, ఎన్నాళ్లకు పాయింట్ల లెక్కన విడిగా పని అప్పగిస్తారు. వయసులో చిన్నవాడైన మేస్త్రి దగ్గర పనిచేయడానికి కొందరికి మనసొప్పదు. ఆ మొహమాటం ఆరునెలలు పక్కన పెట్టగలిగితేనే ఈ పనిలోకి రండి.

హెల్పరుగా ఉన్నప్పుడు ఏం గమనించాలో ఒకటి రెండు చెబుతాను. సీపీవీసీ పైపుకు అతుకు వేయడం చూడటానికి చిన్న పని. పైపు తిన్నగా కోయాలి, ఏటవాలుగా తెగితే ఫిట్టింగ్ లోపలి అంచుకు ఆనదు. కోసినచోట లేచిన పొట్టు గీకేసి, తడీ దుమ్మూ తుడవాలి. సొల్యూషన్ పైపు మీద నిండుగా, ఫిట్టింగ్ లోపల పలచగా రాయాలి. పైపును లోపలికి తోస్తూ పావు మలుపు తిప్పి, అర నిమిషం దాకా చెయ్యి వదలకూడదు. ఫిట్టింగ్ లోపల సన్నబడుతూ ఉంటుంది కాబట్టి వెంటనే వదిలితే పైపు వెనక్కి జారుతుంది. వేణ్నీళ్ల లైనుకు మామూలు పీవీసీ సొల్యూషన్ రాసినా అతుకు నిలవదు. ఇలాంటి తప్పు ఆ రోజు బయటపడదు. టైల్స్ అతికించి, గృహప్రవేశం అయి, గీజరు వాడడం మొదలయ్యాక గోడ చెమ్మ పట్టి చెబుతుంది. అందుకే గాడి పూడ్చకముందు పంపుతో ప్రెషర్ పెట్టి చూపించే మేస్త్రిని వెతుక్కోండి. ఆ అలవాటు లేనివాడి దగ్గర నేర్చుకుంటే అతని అజాగ్రత్త మీకూ వస్తుంది.

రెండోది వాలు. నాలుగంగుళాల మురుగు పైపుకు నలభై అడుగుల పొడవుకు ఒక అడుగు దిగుడు ఉంటే మంచిది. మన నేల బల్లపరుపు, వానాకాలంలో కాస్త తవ్వితేనే నీళ్లు ఊరుతాయి. సెప్టిక్ ట్యాంకు దూరంగా కట్టాక వాలు సరిపోలేదంటే చేసేదేమీ ఉండదు. పునాది దశలోనే ఇంటాయనకు, తాపీ మేస్త్రికి ఆ మాట చెప్పగలిగిన ప్లంబరును ఊళ్లో మళ్లీ మళ్లీ పిలుస్తారు.

ఇక లెక్క. ఇప్పుడు మీకు నెలకు 18 వేలు వస్తున్నాయనుకుందాం. శిక్షణ నెలలో అది పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత హెల్పరుగా నెలకు 11 వేలు వస్తే, ఎనిమిది నెలలు నెలకు 7 వేల చొప్పున లోటు. అంతా కలిపితే 74 వేలు. మీ అంకెలు మీరు వేసుకోండి, కానీ కాగితం మీద వేయకుండా పని మానకండి. ఈ లోటుకు డైలీ ఫైనాన్స్ జోలికి వెళ్లవద్దు. కొంత ముందే దాచుకోవడం, మిగతాదానికి డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే బ్యాంకు లింకేజీ అప్పు, స్త్రీనిధి అప్పు, లేదా బ్యాంకులో బంగారం మీద అప్పు, ఆ వరుసలో ఆలోచించండి. అయితే డ్వాక్రా అప్పు ఇంటావిడ పేరున ఉంటుంది, కిస్తీ తప్పితే మాట పడేది ఆవిడ. ఆమెతో కూర్చుని తేల్చుకున్నాకే ఆ డబ్బు ముట్టుకోండి.

పనిముట్లకు అప్పు హెల్పరు రోజులు గడిచాక. రెండు సైజుల పైపు రెంచీలు, హ్యాక్‌సా, మట్టం, సుత్తి, శానం మొదట్లో సరిపోతాయి. డ్రిల్లింగ్ మెషీన్, గోడ కోసే కట్టర్, టెస్టింగ్ పంపు వంటివి కొన్నాళ్లు అద్దెకు తెచ్చుకోవచ్చు. విడిగా పనులు ఒప్పుకునేటప్పుడు ముద్ర పథకంలో శిశు రుణం అడగండి. 50 వేల దాకా, హామీ పెట్టనక్కర్లేదు. షాపు నుంచి పనిముట్ల కొటేషన్, ఆర్‌సెటి సర్టిఫికెట్, ఆధార్‌తో ఉచితంగా అయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వెంట ఉంటే మేనేజరుకు కాదనడానికి సాకు తక్కువ. నలుగురు కుర్రాళ్లను పెట్టుకుని కాంట్రాక్టులు తీసుకునే స్థాయికి వచ్చాక పీఎంఈజీపీ అనే సబ్సిడీ రుణ పథకం చూడవచ్చు. సర్వీసు యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు, పల్లెల్లో జనరల్ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితరులకు 35 శాతం సబ్సిడీ. అది కొత్త యూనిట్లకే ఇస్తారు, సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. 2025-26 దాకా ఆమోదించిన పథకం అది, ఆ తర్వాతి మాట జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగాలి. మొదటి ఏడాదే దీని వెంట పడవద్దని నా సలహా.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా డబ్బు విషయమే. మాఘం నుంచి వైశాఖం దాకా గృహప్రవేశాల ముహూర్తాలు, ఆ ముందు వారాల్లో ప్లంబర్లు దొరకరు. ఆషాఢం శూన్యమాసం, తర్వాత గోదావరి వరదలు, లంకల్లో పని ఆగిపోతుంది. శిక్షణ ఆ మందకొడి నెలల్లో పెట్టుకుంటే, ముహూర్తాల నాటికి మేస్త్రికి మీ అవసరం ఉంటుంది, రోజూ పని దొరుకుతుంది.

గల్ఫ్‌కు ప్లంబరుగా మళ్లీ వెళ్లాలనుకునేవాళ్లు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లండి. ఏజెంటు సర్వీసు చార్జీ 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోవడం చట్టవిరుద్ధం. సౌదీకైతే ప్లంబర్లకు ముందుగా ఇక్కడే నైపుణ్య పరీక్ష పెడుతున్నారు.

ఊళ్లోనే ఉండేవాళ్లు హెల్పరుగా చేరిన మొదటి రోజు నుంచీ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీన ఎవరింట్లో పనిచేశారో రాసి మేస్త్రి చేత సంతకం చేయించుకోండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్లంబర్లూ అందులోకి వస్తారు. ఆ 90 రోజులు నిండగానే కార్మిక శాఖ ఆఫీసుకు పుస్తకం పట్టుకుని వెళ్లండి.