రాకెట్టు మోటారు పట్టీ

దీపావళినాటి రాత్రి గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో ఏ గ్రామమున నిలిచి చూచినను ఆకాశమున తారాజువ్వలు వెలుగుగీతలు గీయుచుండును. గొట్టములోని మందు మండి, వాయువు వేగముగా క్రిందికి వెడలును. దానికి ప్రతిచర్యగా జువ్వ పైకి లేచును. న్యూటను చెప్పిన మూడవ గమన సూత్రమిదియే. జువ్వకు కట్టిన పొడవైన పుల్ల దానిని తిన్నగా నడపును. అయినను అది ఎంత ఎత్తు పోవునో, ఎచట పడునో కాల్చువాడు చెప్పలేడు. ఆ వివరమేదియు గొట్టముపై వ్రాసియుండదు.

పండుగనాడు పత్తిచేలు ఇంకను పచ్చగా నుండును గనుక కొంత నయము. మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి సంగతి వేరు. మిరపపండ్లు కళ్లములలో ఎఱ్ఱగా పరచి యుండును. పీకిన పత్తికట్టె మోపులు గట్లపై ఎండి యుండును. రైతు ఏడాది కష్టమంతయు ఒక్క నిప్పురవ్వకు లోబడియుండు దినములవి.

నమూనా రాకెట్టు ఈ తారాజువ్వకు దగ్గరి చుట్టమే. దీని దేహము కాగితపు గొట్టము; పుల్లకు బదులుగా తేలికకఱ్ఱ రెక్కలుండును. మోటారు మాత్రము కర్మాగారమున తయారగును. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున చెప్పుల అంగడి నడపిన ఆర్విల్ కార్లైల్ 1954లో ఇట్టి రాకెట్టును రూపొందించెను. ఇంటియందు మందు కూరి రాకెట్లు చేయబోవు బాలురకు కలుగు ప్రమాదములను గూర్చి హ్యారీ స్టైన్ అను ఇంజనీరు 1957లో ఒక పత్రికయందు వ్రాసెను. అది చదివి కార్లైల్ తన మోటార్లను ఆయనకు పంపెను. ఈ వేడుక అట్లు వ్యాపించినది. మందు కలుపుట బాలుర పని కాదన్నదే దాని మొదటి నియమము. మన దేశమున 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము ప్రకారము అనుజ్ఞాపత్రము లేక అట్టి మందు తయారుచేయుట నేరము కూడ.

ఈ మోటారుపై ఒక సంకేతము ముద్రించియుండును. ఉదాహరణకు ‘సి6–5’ అనునది. ఇందలి అక్షరము మోటారు మొత్తము ప్రచోదనపు తరగతిని తెలుపును. ప్రచోదనమనగా త్రోపుబలమును అది పనిచేసిన కాలముతో గుణింపగా వచ్చునది. ‘ఏ’ తరగతికి హద్దు 2.5 న్యూటను–సెకనులు, ‘బి’కి 5, ‘సి’కి 10, ఒక్కొక్క అక్షరమునకు హద్దు ఇనుమడించును. తరువాతి 6 సగటు త్రోపుబలము, న్యూటనులలో. చివరి 5 ఆలస్యకాలము, సెకనులలో.

సంకేతము చదివినంతనే అంతయు తెలిసినదని తలచువాడు పొరబడును. సి6 మోటారును పరీక్షించినప్పుడు తేలిన మొత్తము ప్రచోదనము సుమారు 8.8 న్యూటను–సెకనులే. అది మండు కాలము 1.9 సెకను లోపే. ఈ లెక్కన సగటు బలము 6 కాదు, సుమారు 4.7 న్యూటనులు. అయితే మొదటి క్షణములలో బలము 14 న్యూటనుల వఱకు ఎగసి, పిదప తగ్గును. రాకెట్టును ఊచనుండి వడిగా లేపునది ఆ తొలి త్రోపే. పైముద్రకును పరీక్షఫలమునకును ఇంత భేదముండగా, పట్టిక చేత లేక పని సాగునా?

ఆలస్యకాలము మరింత సూక్ష్మమైనది. మందు కాలిపోయిన తరువాతను రాకెట్టు వేగబలమున పైకి పోవుచునే యుండును. అప్పటి వేగము సెకనుకు 50 మీటర్లనుకొందము. గురుత్వాకర్షణ దానిని సెకనుకు 9.8 మీటర్ల చొప్పున తగ్గించును గనుక శిఖరము చేరుటకు సుమారు 5 సెకనులు పట్టును. గాలి నిరోధము వలన ఇంకను కొంచెము ముందే చేరును. ఆ సమయమునకు లోపలి చిన్న మందు ప్రేలి గొడుగును వెలికి నెట్టవలెను. ఆలస్యము మించినచో రాకెట్టు తల క్రిందై పడుచుండగా గొడుగు తెఱచుకొని చిరుగును, లేదా నేల తాకువఱకు తెఱచుకొననే తెఱచుకొనదు. తయారీవారి పట్టికలో సి6–5కు మోయదగిన బరువు 113 గ్రాములనియు, సి6–7కు 71 గ్రాములనియు ఉండుట ఇందువలననే. మందు రెంటను ఒక్కటియే. బరువైన రాకెట్టు తక్కువ వేగముతో తక్కువ ఎత్తే పోవును. ఏడు సెకనులు వేచియుండుటకు దానికి వ్యవధి లేదు. ఇక సి6–0 అనుదానిలో ఆలస్యమే లేదు. అది రెండంచెల రాకెట్టునకు క్రింది అంచెగా మాత్రమే పనికివచ్చును. దానిని ఒంటిగా పెట్టినవాని రాకెట్టు పూర్తి వేగముతో పోవుచుండగానే విచ్చిపోవును.

పెద్ద రాకెట్లకును పేర్లలో అంకెలు కలవు. ఈ మైదానమునకు దక్షిణముగా, పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న తొలిసారిగా ఎగిరినది ఆర్‌హెచ్–125 అను రోహిణి రాకెట్టు. అందలి 125 దాని వ్యాసము, మిల్లీమీటర్లలో. ఆ వరుసలోనిదే ఆర్‌హెచ్–200. కాని ఎస్200 అనగా వేరు: ‘ఎస్’ ఘనఇంధనమును, 200 సుమారుగా దాని బరువును టన్నులలో తెలుపును. సి25లోని ‘సి’ అతిశీతల ఇంధనపు గుర్తు. సి6లోని ‘సి’తో దానికి పొత్తు లేదు. ఒకే అక్షరము, ఒకే అంకె చోటునుబట్టి అర్థము మార్చుకొనుచుండగా, కంఠస్థముపై ఆధారపడుట సాహసమే.

అచటివారికి వ్రాతల విలువ బాగుగ తెలియును. 1979 ఆగస్టు 10న ఎగిరిన మొదటి ఎస్ఎల్‌వీ–3 సముద్రమున పడెను. నమోదైన వివరములను శోధింపగా, రెండవ అంచె నియంత్రణ వ్యవస్థలోని ద్రవము ముందుగానే కారిపోయినదని తేలెను. 1980 జులై 18న అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను.

విద్యార్థులు వ్రాసికొను పట్టీ అరచేయంత దళసరి అట్టముక్కయైన చాలును. మోటారు సంకేతము, వ్యాసము, పొడవు, మందుతో కూడిన బరువు, పరీక్షలో తేలిన ప్రచోదనము, మొదటి గరిష్ఠబలము, మోయదగిన బరువు వరుసగా వ్రాయవలెను. క్రింద కీలకపు పంక్తి యుండవలెను: ఈ అక్షరమునకు ఇచట అర్థమిది యని. వివరములు ఏనాటి పట్టికనుండి ఎత్తినవో ఆ తేదీ మరువరాదు. తయారీవారు మోటారును మార్చినచో పాత అంకెలు మోసగించును. సిరా చెమటకు అలుకుకొని పోవును గనుక పెన్సిలు మేలు. అట్టను ఇంటి అలమరలో దాచిన లాభము లేదు. ఊచ, తీగెలు ఉంచు పెట్టెకే దారముతో కట్టవలెను. వెనుకవైపు నాలుగు గళ్లు విడిచి, గాలి దిక్కు, రాకెట్టు బరువు, గొడుగు తెఱచుకొన్న వేళ, పడిన చోటు ఎగిరించిన ప్రతిసారి నింపవలెను. కళ్లముల మిరప మార్కెట్టు యార్డుకు పోయి, పత్తికట్టె ఇండ్లకు చేరి, తొలకరి జల్లుకు నల్లరేగడి నేల తడిసి గాలి నిలిచిన ఉదయమున, పెద్దల సమక్షమున, ఊరికి దూరముగా నున్న బీటిలో ఆ గళ్లు నింపుట మొదలిడవచ్చును.