నరసాపురపు అల్లిక – విదేశ వాణిజ్యము

వసిష్ఠ గోదావరి సముద్రమును చేరుటకు కొలది దూరమున, ఆ నది యొడ్డున నున్న పట్టణము నరసాపురము. ఈ పట్టణమునకు సముద్రవ్యాపారము క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున దీని సమీపమందలి మాధవాయపాలెములో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు వర్తకశాల నెలకొల్పి, ఇచ్చటి నేతగాండ్రు నేసిన మెత్తని నూలుబట్టలను ఓడలపై యూరోపునకు పంపుచుండిరి. ఆ పల్లె పేరు ఆంగ్లేయుల నోట ‘మడపోలం’ అయినది. ఒక జాతి మెత్తని నూలుబట్టకు పాశ్చాత్యదేశములలో ఆ పేరే స్థిరపడెను. చిన్నపల్లె పేరు ఒక వస్తువునకు పేరై నిలుచుట సామాన్యమా? ఆ సరకుపై కొనువారికి కలిగిన నమ్మకమే దానికి కారణము.

నేడు ఆ ప్రాంతమునుండి విదేశములకు పోవు చేతిపనులలో ముఖ్యమైనది లేసు అల్లిక. 19వ శతాబ్దమున క్రైస్తవ మతబోధకులు ఈ విద్యను ఇచ్చటి స్త్రీలకు నేర్పిరి. కొక్కెము గల చిన్న సూది, నూలుదారము – ఇవియే దీనికి పరికరములు. ఇంటిపనులు ముగించుకొని స్త్రీలు అరుగులపై కూర్చుండి పూవులను, చక్రములను, అంచులను అల్లుదురు. ఒకరు పూవులల్లగా మరియొకరు వానిని జతకూర్చుదురు. ఇట్లు బల్లగుడ్డలు, దిండుగలీబులు, తెరలు తయారగును. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. కావున ఇతర ప్రాంతములవారు తమ సరకునకు ఆ పేరు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధము.

పేరు గలిగినంతమాత్రమున సరకు ఒడ్డు దాటదు. ఊరి సంతలో కొనువాడు వస్తువును చేతితో తాకి చూచును. లోపమున్నచో మరునాడే తెచ్చి మార్చుకొనును. సముద్రముల కావలనున్న కొనుగోలుదారుడు మన ముఖమెరుగడు. మనము పంపిన మాదిరిని, వ్రాసిన కాగితమును, ఇచ్చిన మాటను మాత్రమే నమ్మి అతడు కొనుచున్నాడు. మనము లేనిచోట మన మాట నిలుచునట్లు చేయుటయే ఎగుమతికి సిద్ధపడుట.

ఇందు మొదటి మెట్టు మాదిరి. ఒక వర్తకుడు ఒక బల్లగుడ్డను మాదిరిగా పంపి, అటువంటివి 500 పంపుటకు ఒప్పుకొనెననుకొందము. వానిని అల్లు చేతులు అనేకము. ఒకరి కుట్టు బిగువు, మరియొకరిది వదులు. అందుచే ఒకే నమూనాలో నల్లిన గుడ్డలు చిన్నవి పెద్దవియు కావచ్చును. నూలు ఉతికిన కొంత కుదించుకొనును. తెల్లని దారమునందును ఒక విడతకును మరియొక విడతకును ఛాయాభేదముండును. కాబట్టి తెలివిగల వర్తకుడు కావలసిన దారమంతయు ఒకేసారి కొనును. కొలతలు వ్రాసి అల్లువారందరికి ఇచ్చును. మొదటి గుడ్డను ఉతికించి మరల కొలుచును. పని సాగుచుండగనే తనిఖీ చేయించును. అంతయు ముగిసినపిమ్మట లోపము కనిపెట్టిన ప్రయోజనమేమి?

రెండవ మెట్టు ధర. ఇచ్చటనే చిన్న వర్తకులనేకులు నష్టపోవుదురు. ఒక బల్లగుడ్డకు దారము 300 రూపాయలు, అల్లిక కూలి 900, ఉతికి ఇస్త్రీ చేయించుటకు 80, కట్టుటకు 70, రేవువరకు చేర్చుటకు 60, బ్యాంకు, బీమా ఖర్చులు 40 అగుననుకొందము. మొత్తము 1,450 రూపాయలు. దారమును, కూలిని మాత్రమే లెక్కించి, 1,200 రూపాయలే గదా ఖర్చు అని తలంచి, 1,400కు ఒప్పుకొన్నవానికి గుడ్డ యొక్కింటికి 50 రూపాయలు నష్టము. 500 గుడ్డలకు ఆ నష్టము 25,000 అగును. సరకును ఓడ నెక్కించువరకు ఖర్చు అమ్మువానిదైనచో ఆ షరతును ఎఫ్.ఓ.బి. అందురు. ఓడకూలియు బీమాయు కూడ అతడే భరింపవలసినచో అది సి.ఐ.ఎఫ్. ఈ భేదము తెలియక సంతకము చేసినవానికి నష్టము మరింత పెరుగును.

ఆ నష్టము తుదకు ఎవరిపై బడును? దారమమ్మినవాడు తన ధర తగ్గింపడు. ఓడవాడు తగ్గింపడు. తగ్గునది అల్లిన స్త్రీ కూలియే. నరసాపురపు లేసు స్త్రీల జీవితమును పరిశీలించి మరియా మీస్ అను జర్మను విదుషీమణి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిలో కూర్చుండి చేయుటవలన ఆ శ్రమను తీరికవేళ కాలక్షేపముగా భావించుచుండిరనియు, అందుచే ఆ స్త్రీలకు మిక్కిలి స్వల్పమైన కూలి దక్కుచుండెననియు ఆమె చూపెను. న్యాయమైన కూలి ముందుగా ధరలో చేరనిచో, ఎగుమతి ఎంత పెరిగినను అల్లిన చేతికి ఫలము దక్కదు.

మూడవ మెట్టు కాగితములు. ఎగుమతి చేయదలచినవాడు కేంద్రప్రభుత్వపు విదేశ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్‌నుండి సంకేతసంఖ్య పొందవలెను. దాని శాఖలు విశాఖపట్టణమునను, హైదరాబాదునను గలవు. ప్రతి వస్తువునకును ఒక అంకెల గుర్తు ఉండును. అందలి మొదటి ఆరంకెలు వాణిజ్యము చేయు దేశములన్నిటికిని దాదాపు సమానము. ఈ పద్ధతి 1988లో అమలులోనికి వచ్చెను. ఆ గుర్తునుబట్టియే అచ్చటి సుంకము నిర్ణయమగును. పట్టీలో వ్రాసిన లెక్కకు పెట్టెలోని సరకు సరిపోనిచో అది రేవులోనే నిలిచిపోవును.

నాల్గవ మెట్టు సొమ్ము రాబట్టుకొనుట. కొనుగోలుదారుని బ్యాంకు, ‘ఒప్పుకొన్న పత్రములు చూపినచో సొమ్ము చెల్లింతుము’ అని ఇచ్చు హామీకి లెటర్ ఆఫ్ క్రెడిట్ అని పేరు. అట్టి హామీ లేక అప్పుగా పంపవలసివచ్చినపుడు, బాకీ మునుగకుండ బీమా చేయుటకు 1957లో భారతప్రభుత్వము ఒక సంస్థ స్థాపించెను. దానినే నేడు ఇ.సి.జి.సి. అనుచున్నారు.

ఒకరి తప్పు అనేకుల కెట్లు చేటు తెచ్చునో మిరప వర్తకము మనకు నేర్పినది. 2003లో మనదేశమునుండి యూరోపునకు చేరిన కొంత మిరపపొడిలో సూడాన్ అను నిషిద్ధమైన రంగు కనబడెను. ఎరుపు హెచ్చించుటకై ఎవరో కలిపినది అది. 2005లో ఇంగ్లండున అట్టి పొడి చేరిన వందలకొలది ఆహారపదార్థములను అంగళ్ళనుండి తొలగింపవలసివచ్చెను. నాటినుండి ఎగుమతియగు మిరపకు పరీక్షలు తప్పనిసరి అయ్యెను. కొందరి దురాశకు, ఏ పాపమెరుగని వర్తకులందరును పరీక్షల ఖర్చు మోయవలసినవారైరి.

ఈ మెట్లన్నియు ఒంటరి వర్తకునికి కష్టములే. పదిమంది సంఘముగా చేరినచో దారము చౌకగా దొరకును, తనిఖీకి మనిషిని నియమించుకొనవచ్చును, పెద్ద కోరికనైనను అందుకొనవచ్చును. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి ఢిల్లీ సమీపమున ప్రదర్శనలు జరిపి విదేశపు కొనుగోలుదారులను రప్పించుచున్నది. 2022నుండి తపాలాశాఖవారు చిన్న సరకుల నెగుమతి చేయువారికై ప్రత్యేక కేంద్రములు తెరచిరి. అందుచే ఒక చిన్నపెట్టెడు సరకునైనను పల్లెనుండి పరదేశమునకు పంపుటకు వీలు కలిగినది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వర్తకులు కావచ్చును. మాదిరివలెనే సరకు, ఖర్చునకు తగిన ధర, సరకునకు తగిన కాగితము, శ్రమకు తగిన కూలి – ఈ నాలుగింటిని మరువకుడు. నాడు మాధవాయపాలెపు నేతగానికి పేరు తెచ్చినది అతని నేతలోని నాణ్యము. నేడు నరసాపురపు స్త్రీ వ్రేళ్ళలో ఆ నాణ్యము గలదు. దానిని ఆమెకు లాభముగా మార్చు బాధ్యత వర్తకునిది.

ప్రశ్నలు

1. ‘మడపోలం’ అను పేరు ఎట్లు వచ్చెను?
2. ఒకే నమూనాలో నల్లిన గుడ్డల కొలతలలో భేదమేల కలుగును?
3. పై లెక్కలో అల్లిక కూలి 900నుండి 1,000 రూపాయలకు పెంచినచో, నష్టము రాకుండ గుడ్డను ఎంతకు అమ్మవలెను?
4. మిరప వర్తకమున జరిగిన చేటునుండి మనము నేర్చుకొనవలసిన నీతి యేమి?