కంతులు కల్పించే తామర పురుగులు, వాటి ఆతిథ్య మొక్కల గుర్తింపు: దుమ్ముగూడెం అటవీ సరిహద్దు మిరప ప్రాంతానికి ఒక క్షేత్ర పాఠం

ప్రస్తావన

పూర్వపు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డు మిరప చేలు, అటవీ భూములు ఇరుగుపొరుగున ఉన్నాయి. 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయిపై మన దేశంలో తొలిసారిగా నమోదైన త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు, 2021-22 పంట కాలంలో ఉభయ తెలుగు రాష్ట్రాల మిరపను తీవ్రంగా దెబ్బతీసింది. నాటి నుండి నల్లని తామర పురుగు ఏ చెట్టుపై కనిపించినా అది మిరపకు మూలమనే అనుమానం సహజమైనది. అయితే చెట్ల ఆకులను ముడిచి కంతులుగా మార్చే నల్ల తామర పురుగులు వేరొక వర్గానికి చెందినవి. ఈ భేదం తెలియనిచో చెట్లను అనవసరంగా నరికే అవకాశమూ, చేనులోని అసలు శత్రువును వదలి వేరొకదానిపై మందు చల్లే అవకాశమూ ఉన్నాయి.

కంతి ఏర్పడే విధానం

తామర పురుగుల నోటిలో ఎడమ హనువు మాత్రమే అభివృద్ధి చెంది ఉంటుంది. దానితో అవి కణాన్ని గుచ్చి, రసాన్ని పీల్చుతాయి. లేత ఆకుపై ఈ చర్య పదేపదే జరిగినప్పుడు గుచ్చిన భాగంలోనూ, దాని చుట్టూ కణాల పెరుగుదల అసమానమై, ఆకు నడిమి ఈనె వెంట మడత పడటం, అంచు చుట్టుకొనటం లేదా మొగ్గ గుత్తిగా మారటం జరుగుతుంది. ముదిరిన ఆకు ఈ విధంగా స్పందించదు. కావున కొత్త చిగురు వచ్చే కాలమే సర్వేకు అనువైనది. కంతి లోపల గుడ్లు, పిల్ల పురుగులు, ప్రౌఢ కీటకాలు కలిసి జీవిస్తాయి.

రెండు ఉపవర్గాల భేదం

మన దేశంలో కంతులు కల్పించే జాతులలో అత్యధికం ట్యూబులిఫెరా ఉపవర్గంలోని ఫ్లియోథ్రిపిడే కుటుంబానికి చెందినవి. మిరప నల్ల తామర పురుగు టెరిబ్రాన్షియా ఉపవర్గానికి చెందినది. వీటిని ఈ క్రింది లక్షణాలతో వేరుచేయవచ్చును.

1. ఉదరం చివర: ట్యూబులిఫెరాలో చివరి ఖండం గొట్టం వలె ఉంటుంది. టెరిబ్రాన్షియా ఆడ పురుగులో ఉదరం క్రింద రంపం వంటి అండనిక్షేపకం ఉంటుంది.
2. గుడ్లు: మొదటి వర్గం ఆకు ఉపరితలంపై, రెండవది కణజాలంలోనికి గుచ్చి పెడుతుంది.
3. రెక్కలు: విశ్రాంతి స్థితిలో మొదటి వర్గంలో ఒకదానిపై ఒకటి, రెండవ వర్గంలో ప్రక్కప్రక్కన ఉంటాయి.
4. పరిమాణం: మర్రి జాతి చెట్లపై నివసించే గైనైకోత్రిప్స్ సుమారు 3 మి.మీ., త్రిప్స్ పార్విస్పైనస్ ఆడ పురుగు సుమారు 1 మి.మీ. పొడవుంటాయి.

వీటిలో గొట్టం వంటి చివరి ఖండాన్ని పది రెట్ల భూతద్దంతోనే చూడవచ్చును. క్షేత్రంలో తొలి నిర్ణయానికి ఇది చాలును.

ఆతిథ్య మొక్కలు

కంతి పురుగులు సాధారణంగా ఒకే మొక్కకు లేదా దగ్గరి బంధుత్వం గల మొక్కలకు పరిమితమవుతాయి. అందువలన మొక్కను సరిగా గుర్తించుటయే పురుగు గుర్తింపులో సగం పని. దక్షిణ భారతంలో నమోదైన ముఖ్య సంబంధాలు ఇవి: పొగడ ఆకులపై అర్హెనోత్రిప్స్ రామకృష్ణే, తెల్లతుమ్మ మొగ్గలపై థిలకోత్రిప్స్ బాబులి, అల్లి ఆకులపై క్రోటోనోత్రిప్స్ ప్రజాతి, వెంటిలాగో తీగపై షెడోత్రిప్స్ ఓరియెంటాలిస్, మిరియాల ఆకు అంచులపై లియోత్రిప్స్ కార్నీ. ఈ జ్ఞానంలో అధిక భాగం చెన్నై లయోలా కళాశాలలో పరిశోధించిన టి.ఎన్. అనంతకృష్ణన్ కృషి ఫలితం.

పాఠశాలలు, కార్యాలయాల ఆవరణలలో పెంచే ఫైకస్ బెంజమినాపై గైనైకోత్రిప్స్ ఉజెలి, ఫైకస్ మైక్రోకార్పాపై గైనైకోత్రిప్స్ ఫైకోరమ్ కంతులు కల్పిస్తాయి. ఇవి చూపుకు ఒకే విధంగా ఉంటాయి. పూర్వవక్షపు వెనుక మూలలలోని రోమాలు ఉజెలిలో పొడవుగాను, ఫైకోరమ్‌లో ఫలకంపైనున్న ఇతర చిన్న రోమాలకంటే ఎక్కువ తేడా లేకుండాను ఉంటాయి. ఈ లక్షణం స్లైడుపైననే నిర్ధారణ అవుతుంది.

కంతిలో దొరికిన ప్రతి పురుగూ దానిని కల్పించినది కాదు. ఆండ్రోత్రిప్స్ వంటివి అదే కంతిలో చేరి, అసలు పురుగును వేటాడుతాయి. అట్లే ఒక ఆకుపై ప్రౌఢ కీటకం వాలి ఉన్నంత మాత్రాన అది ఆతిథ్య మొక్క కాజాలదు. గుడ్లు, పిల్ల పురుగులు అక్కడ పెరుగుతున్నట్లు చూపిన తరువాతనే ఆ పేరు చెల్లును.

సేకరణ పద్ధతి

లేత కంతిని మూసి ఉండగానే కత్తిరించి సంచిలో ఉంచి, ప్రయోగశాలలో తెరవవలెను. పురుగులను 70 శాతం ఆల్కహాలులోను, డి.ఎన్.ఎ. పరీక్షకు 95 శాతం ఆల్కహాలులోను భద్రపరచవలెను. చీటీపై గ్రామం, తేదీ, మొక్క, కంతి రూపం, పిల్ల దశల ఉనికి వ్రాయవలెను. పువ్వు లేదా కాయతో కూడిన కొమ్మను ఎండబెట్టి జతచేయుట తప్పనిసరి; అది లేనిచో మొక్క పేరును తరువాత సరిచూడటం సాధ్యం కాదు.

విస్తరణ సూచన

మిరప ఆకుల పై ముడత సాధారణంగా లేత పసుపు రంగు స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ వలన, క్రింది ముడత నల్లి వలన కలుగుతుంది. నల్ల తామర పురుగు ప్రౌఢ దశ అధికంగా పువ్వులలో కనిపిస్తుంది. కావున చేనులోను, గట్టు మీది కలుపు మొక్కలలోను పువ్వులను తెల్ల కాగితంపై దులిపి చూడవలెను. నీలి రంగు జిగురు అట్టలపై నిఘా పెట్టవలెను. అడవి అంచున చెట్టు ఆకులు ముడుచుకొని ఉన్నచో, ముందుగా కంతిని విప్పి పురుగు ఉదరం చివర చూడవలెను. గొట్టం ఉన్నచో ఆ పురుగు మిరప నల్ల తామర పురుగు కాదు. దాని నిమిత్తం ఆ చెట్టును నరకవలసిన పని లేదు, మిరపకు అదనంగా మందు చల్లవలసిన అవసరమూ లేదు.